ర్యాక్ సర్వర్ ముందు ప్యానెల్ మాట్లాడే భాష

ఇనుప చట్రంలో సొరుగుల్లా ఒకదానిపై ఒకటి దూర్చడానికి వీలుగా పలచగా, పొడవుగా తయారుచేసిన కంప్యూటర్‌ను ర్యాక్ సర్వర్ అంటారు. దాని ముందుభాగపు వెడల్పు 19 అంగుళాలు, అంటే 482.6 మిల్లీమీటర్లు. ఎత్తును ‘యూ’ అనే కొలతలో చెబుతారు. ఒక యూ 1.75 అంగుళాలకు, అంటే 44.45 మిల్లీమీటర్లకు సమానం. సాధారణంగా 42 యూల ఎత్తుండే ఒక ర్యాక్‌లో ఒకే కంపెనీవి, ఒకే నమూనావి అయిన సర్వర్లు ఇరవై ముప్పై పేర్చి ఉన్నప్పుడు, వాటి మధ్య తేడాను కంటితో పట్టుకోవడానికి మిగిలే ఆధారం ప్రతి పెట్టె ముఖాన ఉండే ఆ చిన్న ప్యానెల్, దానిపైని రెండు మూడు బటన్లు, నాలుగైదు దీపాలు, ఒకటి రెండు పోర్టులు మాత్రమే. కంప్యూటర్ చరిత్రలో ఆజ్ఞలిచ్చే చోటుగా మొదలైన ముందు ప్యానెల్, ఇవాళ ప్రధానంగా యంత్రాన్ని గుర్తుపట్టే చోటుగా మారిందనీ, ఈ కొత్త పనికి అవసరమైన ఉమ్మడి దీపాల భాష మాత్రం ఇంకా కుదురుకోలేదనీ వాదించడం ఈ సమీక్ష ఉద్దేశం.

తొలి తరాల యంత్రాల్లో ముందు ప్యానెలే యంత్రానికి నోరూ చెవీ. 1965లో వచ్చిన పీడీపీ-8లోనూ, 1975లో వచ్చిన ఆల్టెయిర్ 8800లోనూ వరుసగా అమర్చిన స్విచ్చులను పైకీ కిందికీ వేస్తూ మెమరీలోకి ఒక్కొక్క అంకెను ఎక్కించేవారు; ఆ అంకె సరిగా ఎక్కిందో లేదో పైనున్న దీపాల వరుసను చూసి నిర్ధారించుకునేవారు. అక్కడ దీపం వెలిగితే ఒకటి, ఆరితే సున్న. దానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. తెరలు, కీబోర్డులు, ఆపైన నెట్‌వర్కు వచ్చాక ఆ పని ప్యానెల్ నుంచి తప్పుకుంది. సర్వర్ల విషయంలో అసలైన మలుపు 1998లో ఇంటెల్, హ్యూలెట్ ప్యాకర్డ్, ఎన్ఈసీ, డెల్ సంస్థలు కలిసి ప్రకటించిన ఐపీఎంఐ అనే నిర్వహణ ప్రమాణంతో వచ్చింది. ప్రధాన ప్రాసెసర్‌తో సంబంధం లేకుండా, సర్వర్ ఆపి ఉన్నా మేలుకొని ఉండే ఒక చిన్న కంట్రోలర్ చిప్‌ను మదర్‌బోర్డుపై ఉంచి, దాని ద్వారా దూరం నుంచే యంత్రాన్ని వెలిగించడం, ఆర్పడం, ఉష్ణోగ్రతలు చదవడం ఈ పద్ధతి సారాంశం. బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్ అనే ఈ చిప్‌నూ దాని సాఫ్ట్‌వేర్‌నూ కలిపి డెల్ ఐడ్రాక్ అనీ, హ్యూలెట్ ప్యాకర్డ్ వారసురాలైన హెచ్‌పీఈ ఐఎల్ఓ అనీ పిలుస్తాయి. దీంతో ఆజ్ఞ ఇచ్చేవారు వేరే ఊళ్లో, తరచు వేరే దేశంలో ఉండగా, యంత్రం ముందు నిలబడినవారికి చేతితో చేయవలసిన పని, అంటే డిస్కు మార్చడం, కేబుల్ పెట్టడం, పవర్ సప్లై యూనిట్‌ను లాగడం మాత్రమే మిగిలింది. ముందు ప్యానెల్ ఈ ఇద్దరి మధ్య నిలిచే దుబాసీ.

ప్యానెల్ ఆకారాన్ని నిర్ణయించేది రూపకర్త అభిరుచి కంటే స్థలాభావమే. డేటా సెంటర్లలో చల్లని గాలి సర్వర్ ముఖం నుంచి లోపలికి వెళ్లి వేడెక్కి వెనకనుంచి బయటికి వస్తుంది గనుక, ముందుభాగంలో మూసేసిన ప్రతి చదరపు సెంటీమీటరూ గాలికి అడ్డే. పైగా 2 యూల సర్వర్‌లో రెండున్నర అంగుళాల డిస్కులు 24 నిలువుగా పెడితే ముఖమంతా వాటికే సరిపోతుంది. అందువల్ల బటన్లూ దీపాలూ చట్రానికి బిగించే రెండు అంచుల్లోకి, అంటే వాడుకలో ‘చెవులు’ అనే ఇరుకు పట్టీల్లోకి చేరాయి. డెల్ ఆర్740 వంటి నమూనాల్లో ఆరోగ్య సూచికలు ఎడమ చెవిలో, పవర్ బటన్, యూఎస్‌బీ పోర్టులు కుడి చెవిలో ఉండడానికి కారణం ఇదే. ముందు తాళం వేసే బేజెల్, అంటే జల్లెడలాంటి మూత, పెట్టినా ఈ చెవులు కనబడేలా చూడటం మంచి రూపకల్పనకు తొలి గుర్తు.

పవర్ బటన్ పేరుకు పవర్ బటనే గాని, అది విద్యుత్తును తెంచే స్విచ్ కాదు. నొక్కినప్పుడు మదర్‌బోర్డుపైని ఒక సన్నని తీగను క్షణకాలం భూమికి కలపడమే అది చేసే పని. ఆ సంకేతాన్ని అందుకుని ఏం చేయాలో నిర్ణయించేది లోపలి తర్కం. సర్వర్ ఆగి ఉంటే పవర్ సప్లై పూర్తిగా మేలుకొంటుంది. నడుస్తూ ఉంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు విన్నపం వెళ్లి, అది తెరిచిన ఫైళ్లను సర్దుకుని పద్ధతిగా ఆగిపోతుంది. విద్యుత్తు నిర్వహణకు సంబంధించిన ఏసీపీఐ ప్రమాణం ప్రకారం బటన్‌ను నాలుగు సెకన్లకు పైగా నొక్కిపట్టితే మాత్రం విన్నపం ఆజ్ఞగా మారి, సాఫ్ట్‌వేర్ ప్రమేయం లేకుండా యంత్రం ఆగుతుంది. రాయడం మధ్యలో ఉన్న డేటాకు అప్పుడు భరోసా ఉండదు. ఒకే బటన్‌కు కాలవ్యవధిని బట్టి రెండు అర్థాలు ఇవ్వడం స్థలాన్ని ఆదా చేస్తుంది, కాని ఆ రెండో అర్థాన్ని ప్యానెల్‌పై ఎక్కడా రాయరు. ఆపేసిన తర్వాత కూడా కంట్రోలర్ చిప్‌కు స్టాండ్‌బై విద్యుత్తు అందుతూనే ఉంటుంది గనుక, మూత తీసి లోపల చేయిపెట్టేవారు పవర్ కేబుళ్లన్నీ ఊడదీయాలని తయారీదారుల పుస్తకాలన్నీ హెచ్చరిస్తాయి. బటన్‌పై ఉండే గుర్తు కూడా ఈ తేడాను చెప్పడానికి పుట్టినదే: అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ గుర్తుల పట్టికలో పూర్తి వలయం లోపల గీత ఉంటే వెలిగించి ఆర్పే స్విచ్, పైన తెగిన వలయంలోకి గీత దిగితే స్టాండ్‌బై. 2004 నాటి ఐఈఈఈ 1621 ప్రమాణం ఈ తెగిన వలయాన్నే మొత్తంగా ‘పవర్’ గుర్తుగా స్వీకరించింది; అలా వాడుక సులువైంది, కాని పాత గుర్తు చెప్పిన సూక్ష్మభేదం మరుగున పడింది.

పొరపాటున తగిలే చేతి నుంచి ఈ బటన్‌ను కాపాడే పద్ధతులు కాలంతో మారాయి. సన్ మైక్రోసిస్టమ్స్ వారి కొన్ని సర్వర్ల ముఖాన నిజమైన తాళంచెవి ఉండేది. దానికి మామూలు, తాళం వేసిన, పరీక్ష, బలవంతంగా ఆపిన అనే నాలుగు స్థానాలుండి, తాళం స్థానంలో పవర్ బటన్ పనిచేసేది కాదు. నేడు ఆ తాళంచెవి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లింది. ఐపీఎంఐ ద్వారా పవర్, రీసెట్, పరీక్ష బటన్లను వేర్వేరుగా నిలిపివేయవచ్చు. ఒక ఇబ్బంది మాత్రం ఉంది: తాళంచెవి ఏ స్థానంలో ఉందో చూడగానే తెలిసేది, సాఫ్ట్‌వేర్‌లో వేసిన తాళం ప్యానెల్‌పై కనబడదు, ప్రాణం లేని బటన్‌ను నొక్కుతున్న వ్యక్తి యంత్రమే చెడిందనుకోవచ్చు.

పెన్ను మొన కూడా పట్టనంత చిన్న రంధ్రంలో దాక్కునే మరో బటన్ గురించి ఇక్కడే చెప్పాలి. ఎన్ఎంఐ బటన్ అనే దీన్ని సూదిలాంటి దానితో నొక్కితే, ప్రాసెసర్ తోసిపుచ్చలేని అంతరాయ సంకేతం పుడుతుంది; ఎటూ కదలక బిగుసుకుపోయిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఉద్దేశపూర్వకంగా కూల్చి, కూలే ముందు మెమరీలోని స్థితిని డిస్కుపై రాయించడం దీని ప్రయోజనం. విండోస్ సర్వర్ 2012 నుంచి ఇది మొదటినుంచే సిద్ధంగా ఉంటుంది. లినక్స్‌లో మాత్రం కెర్నెల్ అమరికను ముందుగా మార్చి, మెమరీ స్థితిని భద్రపరిచే కెడంప్‌ను ఏర్పాటు చేసి ఉంచాలి. ఏ ఏర్పాటూ లేకుండా దీన్ని నొక్కడం వల్ల వచ్చేది నష్టమే తప్ప ఆధారం కాదు. ఏ సహాయక ఇంజనీరూ అడగకుండా ఈ బటన్ జోలికి పోరాదన్న తయారీదారుల సలహాలో అతి ఏమీ లేదు.

ప్యానెల్ మొత్తం మీద అత్యంత విలువైన అంశం ఏదంటే, పవర్ బటన్ కాదు, గుర్తింపు దీపం. యూనిట్ ఐడీ, సిస్టమ్ ఐడీ, లొకేటర్ అని రకరకాల పేర్లున్న ఈ దీపాన్ని దూరం నుంచి వెలిగిస్తే ముందూ వెనకా రెండుచోట్లా వెలుగుతుంది. సర్వర్ల ముందువైపున్న చల్లని నడవలో నిలబడి ఒక సర్వర్‌ను గుర్తుపట్టి, చుట్టూ తిరిగి వెనకవైపున్న వేడి నడవలోకి వచ్చేసరికి వరుస తారుమారై కనబడుతుంది. ఎడమ కుడి అవుతుంది, అంకెల పట్టీలు కేబుళ్ల చాటున పడతాయి. అప్పుడు ఏ కేబుల్ పీకాలో తేల్చేది ఆ వెనక దీపమే. ఐపీఎంఐ గుర్తింపు ఆజ్ఞకు వ్యవధి చెప్పకపోతే దీపం 15 సెకన్లు మాత్రమే వెలుగుతుంది. భవనంలో మరో అంతస్తులో ఉన్న సాంకేతిక సిబ్బంది నడిచి వచ్చేలోగా అది ఆరిపోవడం సహజం గనుక, ఆర్పమనే దాకా వెలిగే ఆజ్ఞను వాడటం మేలు. 2015లో డీఎంటీఎఫ్ సంస్థ తెచ్చిన రెడ్‌ఫిష్ అనే నిర్వహణ ప్రమాణం మొదట దీనిని ‘సూచిక దీపం’ అనే సాధారణ పేరుతో వ్యవహరించి, తర్వాత దాన్ని పక్కనపెట్టి, ‘స్థానం చూపే దీపం వెలిగి ఉందా లేదా’ అనే సూటి లక్షణంగా మార్చింది. చిన్న మార్పులా కనబడినా, దీపం వెలగడమనే భౌతిక క్రియ నుంచి దాని ఉద్దేశానికి దృష్టి మరలిందన్నమాట. డెల్ సర్వర్లలో ఇదే బటన్‌ను 15 సెకన్లకు పైగా నొక్కిపట్టితే ఐడ్రాక్ తిరిగి మొదలవుతుంది. గుర్తింపు కోసం పెట్టిన బటన్‌కు ఇలా మరో పని అప్పగించడం కూడా స్థలాభావపు ఫలితమే.

ఆరోగ్య సూచికల విషయానికి వస్తే చిక్కు మొదలవుతుంది. రంగుల అర్థాల గురించి ప్రమాణాలు లేకపోలేదు. ఐఈసీ 60073 ప్రకారం ఎరుపు ప్రమాదానికి, పసుపు అసాధారణ స్థితికి, ఆకుపచ్చ మామూలు స్థితికి, నీలం తప్పనిసరిగా చేయవలసిన చర్యకు గుర్తులు. అమెరికాలో ఏఎన్ఎస్ఐ ఆమోదించిన వీటా 40 అనే సూచిక దీపాల ప్రమాణాన్ని సన్ సంస్థ తన సర్వర్లలో పాటించింది: ఆకుపచ్చ నడుస్తున్నదనడానికి, అంబర్ (పసుపు, నారింజల మధ్య రంగు) మరమ్మతు కావాలనడానికి, తెల్లని వేగమైన మినుకు స్థానం చూపడానికి; స్టాండ్‌బైలో ఉన్నప్పుడు ఆకుపచ్చ దీపం సెకనులో పదోవంతు వెలిగి దాదాపు మూడు సెకన్లు ఆరి ఉండేది. నిద్రపోతున్నవాడి ఊపిరిలా ఉండే ఆ లయను ఒకసారి చూసినవారు మరిచిపోరు. అయితే పరిశ్రమ మొత్తం ఆ బాటన నడవలేదు. హెచ్‌పీఈ ప్రోలయంట్‌లలో ఆకుపచ్చ నిలకడగా ఉంటే ఆరోగ్యం, మినుకుమనే అంబర్ క్షీణత, మినుకుమనే ఎరుపు విషమ స్థితి, నీలం గుర్తింపు. డెల్ ఇటీవలి తరాల్లో నిలకడైన నీలం ఆరోగ్యానికి, అదే నీలం మినుకుమంటే గుర్తింపుకు, మినుకుమనే అంబర్ లోపానికి గుర్తు. సూపర్‌మైక్రో సర్వర్లలో ఒకే సమాచార దీపం నిలకడగా ఎర్రగా ఉంటే వేడెక్కిందని, సెకనుకొకసారి ఎర్రగా మినుకుమంటే ఫ్యాన్ ఆగిందని, నాలుగు సెకన్లకొకసారి మినుకుమంటే పవర్ సప్లై పోయిందని చెబుతుంది. టెలికాం రంగంలోని అడ్వాన్స్‌డ్ టీసీఏ బోర్డుల్లో నీలం నిలకడగా వెలిగితే ‘ఇప్పుడు నన్ను లాగవచ్చు’ అని అర్థం.

ఈ చివరి ఉదాహరణ తీవ్రతను గమనించాలి. ఒకే నీలి దీపం ఒకచోట ‘నేను క్షేమం’ అనీ, ఒకచోట ‘నువ్వు వెతికేది నన్నే’ అనీ, మరొకచోట ‘నన్ను బయటికి తీయి’ అనీ అంటున్నది. అడ్వాన్స్‌డ్ టీసీఏలో పనిచేసి వచ్చిన మనిషి నీలం చూసి చేయి చాపితే తప్పు మనిషిది అనడం న్యాయం కాదు. నీలానికి ఈ గందరగోళం పట్టడానికి చారిత్రక కారణం కూడా ఉన్నట్టుంది. కంటికి కనబడే ఎర్రని ఎల్ఈడీని నిక్ హోలోన్యాక్ 1962లోనే చేసి చూపినా, ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీ 1990ల్లో గాని చేతికి రాలేదు. దానికి మూలమైన కృషికే అకసాకి, అమనో, నకమురాలకు 2014 భౌతికశాస్త్ర నోబెల్ లభించింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చలకు రైల్వే సిగ్నళ్ల నాటినుంచి స్థిరపడిన అర్థాలుండగా, ఆలస్యంగా వచ్చిన నీలానికి ఖాళీగా ఉన్న అర్థాన్ని ఎవరికి తోచినట్టు వారు ఇచ్చుకున్నారు.

రంగుపై మాత్రమే ఆధారపడటంలో మరో లోపం ఉంది. ఐరోపా సంతతి పురుషుల్లో సుమారు 8 శాతం మందికి ఎరుపు ఆకుపచ్చల తేడాను గుర్తించడంలో ఎంతో కొంత ఇబ్బంది ఉంటుంది; ఆకుపచ్చనూ అంబర్‌నూ విడదీయడం వారికి మరీ కష్టం. అందుకే రంగుతో పాటు నిలకడ, మినుకు, స్థానం అనే రెండో ఆధారం అవసరమవుతుంది. కాని మినుకుల వేగాన్ని అతిగా నమ్మడం కూడా సరికాదు. హెచ్‌పీఈ గుర్తింపు దీపం (యూఐడీ) సెకనుకొకసారి మినుకుమంటే ఫర్మ్‌వేర్ మారుతున్నదనో దూరపు నిర్వహణ జరుగుతున్నదనో, నాలుగుసార్లు మినుకుమంటే ఐఎల్ఓ పునఃప్రారంభమవుతున్నదనో, ఎనిమిదిసార్లు మినుకుమంటే ఆ పునఃప్రారంభం బలవంతపుదనో అర్థం. ఒకటికీ నాలుగుకూ తేడా ఎవరికైనా తెలుస్తుంది. నాలుగుకూ ఎనిమిదికీ తేడా, పక్కన పోల్చడానికి మరో దీపం లేనప్పుడు, అలసిన కంటికి తెలియదు.

తెలుగువారికి ఈ రంగుల ప్రశ్నలో ప్రత్యేకమైన ముడి ఒకటుంది. అమెజాన్ 2022 నవంబరులో తన క్లౌడ్ సేవల హైదరాబాద్ రీజియన్‌ను, అంటే డేటా సెంటర్ల సముదాయాన్ని, ప్రారంభించిన తర్వాతి కాలంలోనూ అంతకు ముందూ ఈ ప్రాంతపు సర్వర్ గదుల్లో ఫోనులో తెలుగులోనే నడిచే సంభాషణలు తక్కువేమీ కావు. అయితే తెలుగులో ‘పచ్చ’ అనే మాట ఆకుకూ చెల్లుతుంది, పసుపుకూ చెల్లుతుంది. పచ్చికలో అది ఆకుపచ్చ, పచ్చకామెర్లలో అది పసుపు. ‘పచ్చగా వెలుగుతోందండీ’ అన్న ఒక్క మాట ప్యానెల్ ముందు సర్వర్ క్షేమంగా ఉందనే అర్థాన్నీ, లోపముందనే అర్థాన్నీ సమానంగా మోయగలదు. అంబర్‌కైతే స్థిరమైన తెలుగు పేరే లేదు; ఒకరు పసుపంటారు, ఒకరు నారింజంటారు, ఒకరు ఆరెంజంటారు, మరొకరు ఎరుపే అనేస్తారు. ఆకుపచ్చ, పసుపుపచ్చ అని పూర్తి మాటలు వాడటం, అంబర్‌ను అంబర్ అనే పిలవడం, నిలకడా మినుకా అన్నది తప్పక జోడించడం మన సర్వర్ గదుల్లో నియమంగా ఉండదగినవి.

డిస్కుల దీపాలు తప్పుకు చెల్లించే మూల్యం అత్యధికంగా ఉన్న చోటు. ఒక డిస్కు పోయినా డేటా నిలిచే ఏర్పాటులో, పోయిన దానికి బదులు పక్కనున్న మంచి డిస్కును లాగితే ఆ నిల్వ మొత్తం కూలుతుంది. ప్రతి డిస్కు ట్రేపై సాధారణంగా చలనాన్ని చూపే దీపం ఒకటి, స్థితిని చూపే దీపం ఒకటి ఉంటాయి. వీటికి కంట్రోలర్ నుంచి సంకేతాలు పంపే తీగల పద్ధతిని ఎస్ఎఫ్ఎఫ్-8485, మినుకుల అర్థాలను ఎస్ఎఫ్ఎఫ్-8489 నిర్వచిస్తాయి. డెల్ డిస్కు త్వరలో చెడవచ్చనే హెచ్చరికను ఆకుపచ్చ, అంబర్, చీకటి అనే వరుసలో చూపుతుంది. లినక్స్‌లో లెడ్‌సీటీఎల్ అనే ఆజ్ఞతో కావలసిన డిస్కు దీపాన్ని వెలిగించవచ్చు. కాని పూర్తిగా చచ్చిన డిస్కు కొన్నిసార్లు ఏ దీపమూ వెలిగించలేదన్న చేదు నిజాన్ని పరిగణిస్తే, హెచ్‌పీఈ (అప్పట్లో హ్యూలెట్ ప్యాకర్డ్) 2012 నాటి ఎనిమిదో తరం సర్వర్లలో తెచ్చిన పద్ధతి ఈ రంగంలోనే ఉత్తమమైన ఆలోచన అని చెప్పవలసి ఉంటుంది: లాగితే నిల్వ కూలిపోయే డిస్కుల విడుదల బటన్‌పై ‘తీయవద్దు’ అనే తెల్లని దీపం వెలుగుతుంది. చెడినదాన్ని మాత్రమే చూపే దీపం మనిషిని ఊహించుకోమంటుంది. ముట్టుకోకూడనిదాన్ని చూపే దీపం సరిగ్గా చేయి పడే చోటే ఆ చేతిని ఆపుతుంది.

పోర్టుల సంగతి కొంత తేలిక. ఐబీఎం 1987లో పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చిన 15 పిన్నుల వీజీఏ సాకెట్ ఇళ్లలోంచి ఎప్పుడో మాయమైనా సర్వర్ల ముఖాన చాలాకాలం నిలిచింది; తెరకు బొమ్మ పంపేది ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు కాక అదే కంట్రోలర్ చిప్ కావడమూ, సర్వర్ గదుల్లోని చక్రాల బండిపై తిరిగే పాత తెర దానికి సరిపోవడమూ ఇందుకు కారణాలు. కొత్త తరాల్లో దానికి తోడుగా డిస్‌ప్లేపోర్టు చేరుతోంది. యూఎస్‌బీ పోర్టుల్లో రెండు జాతులున్నాయని గుర్తించడం ముఖ్యం. ఒకటి ఆపరేటింగ్ సిస్టమ్‌కు కలిసేది. కీబోర్డు, పెన్‌డ్రైవ్ అక్కడే. రెండోది నేరుగా కంట్రోలర్ చిప్‌కు కలిసేది. డెల్ దాన్ని ఐడ్రాక్ డైరెక్ట్ అనీ, హెచ్‌పీఈ ఐఎల్ఓ సర్వీస్ పోర్టు అనీ అంటాయి. రెండోదానికి ల్యాప్‌టాప్ కలిపితే నెట్‌వర్కు పూర్తిగా పోయినా సర్వర్ లోపలి చిట్టాలన్నీ చదవవచ్చు. అంత సౌకర్యమే అంత ప్రమాదం కూడా కాబట్టి, పలువురు అద్దెకుండే డేటా సెంటర్లలో ఈ పోర్టులను నిలిపివేసి ఉంచడమే వివేకం. ముందు చెవి పక్కనుంచి బయటికి లాగే సన్నని అట్టముక్కపై క్రమసంఖ్యతో పాటు తొలి పాస్‌వర్డు కూడా ముద్రించే అలవాటు ఉంది. ప్రతి పరికరానికీ వేరు పాస్‌వర్డు ఉండాలని, లేదా తొలి వాడకానికి ముందే కొత్తది పెట్టించాలని కాలిఫోర్నియా చట్టం 2020 జనవరి 1 నుంచి కోరడం వంటివి దీన్ని స్థిరపరిచాయి. అన్నిటికీ ఒకే పాస్‌వర్డు ఉన్న పాత రోజుల కంటే ఇది ఎంతో మేలు, అయితే ఆ తొలి పాస్‌వర్డును మార్చకపోతే ర్యాక్ తలుపు తెరిచిన ప్రతివారికీ అది కనబడుతుంది.

2011లో ఫేస్‌బుక్ చొరవతో మొదలైన ఓపెన్ కంప్యూట్ ప్రాజెక్టు ఈ మొత్తం అలంకారాన్నే ప్రశ్నించింది. బేజెల్, రంగుపూత, వీడియో సాకెట్ తీసేసి, పని జరగవలసిన పోర్టులన్నిటినీ, నెట్‌వర్కు కేబుళ్లతో సహా, చల్లని నడవ వైపుకు తెచ్చింది. బూట్ దశల అంకెలు చూడాలంటే రెండంకెల చిన్న కార్డును ముందునుంచే తగిలించుకోవచ్చు. వేడి నడవలోకి అడుగుపెట్టే అవసరం తప్పడం సిబ్బందికి నిజమైన ఉపశమనం. గాలి లోపలికి వెళ్లే ముందువైపున 18 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ ఉండాలన్నది సాధారణ సిఫారసు కాగా, వెనకవైపు అంతకంటే ఎంతో వేడి. అయితే కేబుళ్లన్నీ ముందుకు రావడంతో అవి గుత్తులుగా వేలాడి, దీపాలకే అడ్డుపడుతున్నాయి. సర్వర్ బిగించేటప్పుడు కేబుళ్లను ఏ చెవి వైపు తిప్పికట్టాలో, ఏ దీపం ముందు ఒక్క తీగ కూడా దిగకూడదో అమరిక పటంలోనే గీసిపెట్టడం ఇప్పుడు ప్యానెల్ రూపకల్పనలో భాగమైపోయింది.